పక్కన కూర్చుని నేర్పే మనిషి కావాలి
(ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంత యువ సినిమా దర్శకుల వినతిపత్రం)

గౌరవనీయులైన చైర్మన్ గారికి, మేనేజింగ్ డైరెక్టర్ గారికి,
ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర చలనచిత్ర, టెలివిజన్, నాటకరంగ అభివృద్ధి సంస్థ, విజయవాడ.

ప్రతులు: జిల్లా కలెక్టర్ గారు, కర్నూలు, గిరిజన సంక్షేమ, బీసీ సంక్షేమ శాఖల జిల్లా అధికారులు, ఆదోని, ఎమ్మిగనూరు, మంత్రాలయం, ఆలూరు శాసనసభ్యులు.

విషయం: కర్నూలు జిల్లా పడమటి మండలాల్లో గిరిజన, సంచార, విముక్త జాతుల నుంచి, వెనుకబడిన కులాల నుంచి కొత్తగా సినిమాలు తీస్తున్న యువతీయువకులకు శిక్షణ, గురువుల తోడు, పరికరాలు, నిధులు కల్పించాలని విజ్ఞప్తి.

అయ్యా, అమ్మా,

మేము ఆదోని, ఎమ్మిగనూరు చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళం. కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు, హొళగుంద, గోనెగండ్ల, ఆస్పరి మండలాల్లో మా ఇళ్ళు. బోయ, సుగాలి, ఎరుకల, కురువ, బుడగజంగం కుటుంబాల్లో పుట్టాం. సెల్‌ఫోన్లతోనూ, పెళ్ళిళ్ళ ఫొటోగ్రాఫర్ల దగ్గర రోజు అద్దెకు తెచ్చుకున్న కెమెరాలతోనూ సినిమాలు తీస్తున్నాం. అయిదు నిమిషాలవీ ఉన్నాయి, నలభై నిమిషాలవీ ఉన్నాయి. వీటిలో ఏదీ ఇంతవరకు థియేటర్ తెర ఎక్కలేదు. అయినా మా ఊళ్ళల్లో చూడనివాళ్ళు తక్కువ.

ముందుగా ఒక సంగతి చెప్పాలి. మాలో ఒక అమ్మాయిది సుగాలి తండా. వాళ్ళ భాషలో ఢావ్‌లో అని ఒక పాట ఉంటుంది. పెళ్ళయి తండా విడిచిపోయే ఆడపిల్ల తల్లిని, చుట్టాలను పట్టుకుని ఏడుస్తూ పాడుతుంది. ఆ తండాలో దాన్ని మొదటి నుంచి చివరిదాకా పాడగలిగింది ఆ అమ్మాయి నాయనమ్మ ఒక్కతే. అమ్మాయి ఒక మధ్యాహ్నం ఆమెను గుడిసె ముందర నులకమంచం మీద కూర్చోబెట్టి, ఎదురుగా నీళ్ళ బిందె మీద ఫోన్ నిలబెట్టి, నలభై నిమిషాలు తీసింది. ఆ ముసలామె పాడుతూ పాడుతూ మధ్యలో ఆగి, పైట చెంగుతో ముక్కు తుడుచుకుని, మళ్ళీ ఎత్తుకుంది. ఫోన్‌లో ఉన్నది 32 జీబీ కార్డు. మరుసటి వారం వేరే పని కోసం జాగా కావాల్సొచ్చింది. కంప్యూటర్ లేదు, హార్డ్ డిస్క్ లేదు, ఎక్కడ దాచుకోవాలో చెప్పేవాళ్ళు లేరు. మళ్ళీ తీసుకోవచ్చులే అనుకుని తుడిపేసింది. ఆ చలికాలం దాటకుండానే నాయనమ్మ పోయింది. అంతకుముందు వాట్సాప్‌లో చెల్లెలికి పంపిన మూడు నిమిషాల ముక్క మాత్రం మిగిలింది. అదీ బాగా మసకబారింది.

ఆ అమ్మాయికి తెలివి లేక ఇది జరగలేదు. ఒక మామూలు హార్డ్ డిస్కు, 'తీసినదాన్ని ఆ రాత్రే రెండు చోట్ల దాచుకోవాలమ్మా' అని చెప్పే ఒక మనిషి ఉంటే ఆ పాట ఇవాళ ఉండేది. ఈ వినతిపత్రంలో మేము అడగబోయేవన్నీ ఇటువంటివే. చాలా చిన్నవి. అవి లేక పోగొట్టుకుంటున్నవి మాత్రం చిన్నవి కావు.

మా ప్రాంతం గురించి మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. కానీ విజయవాడ నుంచి చూస్తే కనిపించే పడమటి కర్నూలు వేరు, మేము బతికే పడమటి కర్నూలు వేరు. ఆదోని అంటే పత్తి మార్కెట్, జిన్నింగ్ మిల్లులు. ఎమ్మిగనూరు అంటే చేనేత. 1938లో మాచాని సోమప్ప గారు నిలబెట్టిన చేనేత సహకార సంఘం, 1954లో ఆయనకొచ్చిన పద్మశ్రీ, జనవరిలో నీలకంఠేశ్వరుని జాతర. ఈ రెండు ఊళ్ళ చుట్టూ వానకోసం మొగం ఎత్తుకుని ఉండే చేలు. దసరా, దీపావళి దాటితే ఊళ్ళకు ఊళ్ళు సుగ్గికి, అంటే వలస కూలికి, పోతాయి. గుంటూరు, ప్రకాశం జిల్లాల మిరపకోతలకు, తెలంగాణలో పత్తి తీయడానికి, బెంగుళూరులో బేల్దారి పనులకు. మళ్ళీ ఉగాదికి గాని తలుపుల తాళాలు తీయరు. బడిపిల్లల కోసం సర్కారు సీజనల్ హాస్టళ్ళు పెట్టిందంటేనే ఈ వలస ఎంత నిత్యకృత్యమో తెలుస్తుంది. మేము సినిమాలు నేర్చుకోవాలంటే ఈ కాలెండర్‌కు లోబడే నేర్చుకోవాలి. ఈ మాట మళ్ళీ ఎత్తుతాం.

రాయలసీమకు సినిమా కొత్త కాదు. వాహినీ బి.ఎన్. రెడ్డి గారూ, ఆయన తమ్ముడు విజయా నాగిరెడ్డి గారూ కడప జిల్లా బిడ్డలు. 'మాయాబజార్' తీసిన కె.వి. రెడ్డి గారిది తాడిపత్రి. కానీ సీమ బతుకు తెర మీదికి వచ్చేసరికి ఏమైందో అందరికీ తెలుసు. 1999లో 'సమరసింహారెడ్డి', 2001లో 'నరసింహనాయుడు', 2002లో 'ఆది', 'ఇంద్ర', ఆ తర్వాత ఏటేటా వచ్చినవి. సుమోలు, బాంబులు, వేట కొడవళ్ళు. మా ఊరి పేరు చెప్పగానే బయట ఊరి హాస్టల్లో పిల్లలు 'మీ ఇంట్లో బాంబులుంటాయా' అని అడుగుతారు. ఆ సినిమాల్లో పల్లకీ మోసేవాళ్ళూ, తుపాకీ దెబ్బలకు పడేవాళ్ళూ, గుంపులో అరిచేవాళ్ళూ మేమే. మా కులాలకూ, భాషలకూ మాత్రం అక్కడ పేరు లేదు.

దేవరగట్టు చూడండి. దసరా రాత్రి హొళగుంద మండలంలో మాళమల్లేశ్వర స్వామి బన్నీ ఉత్సవం. నెరణికి, నెరణికి తండా, కొత్తపేట వాళ్ళు ఒకవైపు, చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు ఇంకోవైపు కర్రలతో తలపడతారు. ప్రతి ఏడాదీ టీవీల వాళ్ళు వస్తారు. కర్రలు చూపిస్తారు, రక్తం చూపిస్తారు, ఎంతమంది తలలు పగిలాయో లెక్క చెబుతారు, వెళ్ళిపోతారు. అంతకుముందు ఊరివాళ్ళు కలిసి పాలబాస (పాల మీద ప్రమాణం) చేసుకోవడం ఏ కెమెరాకూ కనిపించదు. తెల్లవారుజామున బసవన్నగుడి దగ్గర కార్ణికం (భవిష్యవాణి) వినడానికి చలిలో ముడుచుకుని కూర్చున్న ముసలివాళ్ళ మొహాలు కనిపించవు. ఎలుగుబంటి తోలు టోపీ పెట్టుకుని డమరుకం వాయించే గొరవయ్య ఆ రాత్రి తర్వాత ఏ గొర్రెలమందతో ఏ దారిన పోతాడో ఎవరికీ అక్కర్లేదు. దెబ్బలు తగులుతాయన్నది నిజం, దాన్ని మేము దాచం. ఆ రాత్రి గురించి అడగాల్సిన ప్రశ్నలు కూడా మా దగ్గరే ఎక్కువ ఉన్నాయి. వాటిని మాకంటే బాగా ఎవరు అడుగుతారు?

ఇతరులు మంచి మనసుతో తీసినవీ లేకపోలేదు. సుగాలి తల్లి కథ మీద 2006లో కె.ఎన్.టి. శాస్త్రి గారు 'కమ్లి' తీశారు, దానికి జాతీయ అవార్డు వచ్చింది. మేము గౌరవిస్తాం. 2023లో స్టువర్టుపురం మీద వచ్చిన సినిమా టీజర్ మాత్రం ఎరుకలను కించపరిచిందని హైకోర్టు దాకా వెళ్ళాల్సి వచ్చింది. బ్రిటిషువాళ్ళు 1871లో నేరస్త జాతుల చట్టం తెచ్చారు. ఎరుకలను పుట్టుకతో దొంగలని రాసిన ఆ ముద్ర 1952 నాటికి చట్టంలోంచి పోయింది. తెర మీద ఇంకా ఉంది. అభ్యంతరం చెప్పడం ఒక దారి. మా చేతికి కెమెరా రావడం ఇంకో దారి. మేము రెండోది అడుగుతున్నాం.

ఇది జరగని పని కాదు. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ వాళ్ళు ఇరవై ఏళ్ళ పైబడి దళిత ఆడవాళ్ళకు కెమెరా నేర్పుతున్నారు. చదువు రాని అమ్మలు చిరుధాన్యాల మీద, విత్తనాల మీద, బీటీ పత్తి మీద సినిమాలు తీసి దేశదేశాల్లో చూపించారు. అక్కడ నేర్పినవాళ్ళు వారం రోజుల వర్క్‌షాపు పెట్టి వెళ్ళిపోలేదు. ఆ అమ్మలతో ఏళ్ళ తరబడి కలిసి పనిచేశారు. రాంచీలో ఓరాఁవ్ జాతికి చెందిన బిజు టొప్పో గారు మేఘనాథ్ గారితో కలిసి 'అఖ్రా' పేరుతో ఏళ్ళ తరబడి సినిమాలు తీస్తూ జాతీయ అవార్డులు తెచ్చుకున్నారు. ఆస్ట్రేలియాలో ఆలిస్ స్ప్రింగ్స్ అనే ఎడారి ఊళ్ళో 1980లో ఆదివాసుల మీడియా సంఘం ఒకటి మొదలైంది. అక్కడ కెమెరా పని నేర్చుకున్న వార్విక్ థార్న్‌టన్ తీసిన 'శాంసన్ అండ్ డెలైలా' 2009లో కాన్ ఉత్సవంలో తొలి సినిమాలకిచ్చే కెమెరా డోర్ బహుమతి గెలుచుకుంది.

ఇంతకంటే దగ్గరిది నాగరాజ్ మంజుళే గారిది. సోలాపూర్ జిల్లాలో వడ్డెర కులంలో పుట్టి, అహ్మద్‌నగర్‌లో ఒక కాలేజీలో చదువుతూ ప్రాజెక్టుగా 'పిస్తుల్యా' అనే చిన్న సినిమా తీశారు. దానికి జాతీయ అవార్డు వచ్చింది. 2013లో 'ఫండ్రీ' తీశారు. పందులు పట్టే కైకాడీ ఇంటి పిల్లవాడి కథ. ఫండ్రీ అంటే వాళ్ళ మాటలో పంది. కైకాడీలు మన ఎరుకలకు దగ్గరి చుట్టాలు. ఆ సినిమా చూసిన రోజు మాలో ఎరుకల ఇంటి పిల్లవాడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఒక్క మాటన్నాడు: 'ఇది మా వాడ'. ఒక జిల్లా పట్నం కాలేజీలో, ఒక మామూలు కోర్సులో, ఇదంతా మొదలైంది. ఆదోనిలో, ఎమ్మిగనూరులో డిగ్రీ కాలేజీలున్నాయి. అటువంటి కోర్సు లేదు.

కర్ణాటకలో రామ్ రెడ్డి 'తిథి' తీస్తే మండ్య దగ్గర పల్లె జనమే నటించారు. ఆ కథ రాసిన ఈరేగౌడది ఆ ఊరే. అందుకే ఆ సినిమాలో ముసలాయన నడిచే నడక కూడా అబద్ధం చెప్పదు. మాకు కావాల్సింది అదే నిజం.

ఇక మా కోరికలు.

మొదటిది, అన్నిటికంటే పెద్దది, గురువులు. మాకు పోటీలు వద్దు. షార్ట్ ఫిలిం కాంటెస్ట్ పెట్టి, నలభై ఎనిమిది గంటల్లో తీయమని, ముగ్గురికి మెమెంటోలిచ్చి ఫొటో దిగి పంపిస్తే ఏమీ మిగలదు. మాకు కావాల్సింది రెండేళ్ళ తోడు. ఎమ్మిగనూరులో నేతపనివారి ఇంట్లో పిల్లలు మగ్గం ఎలా నేర్చుకుంటారో మీరు చూసి ఉంటారు. మొదట రాట్నం దగ్గర కూర్చుని కండెలు చుడతారు. తర్వాత తెగిన పడుగు పోగులు అతుకుతారు. నాడె విసిరే చేయి చూస్తూ చూస్తూ ఎన్నో నెలలు గడుపుతారు. గుంటలో కాళ్ళు పెట్టి కూర్చునే రోజు వచ్చేసరికి ఆ పిల్లవాడి చేతికి నేత పట్టుబడి ఉంటుంది. నాన్న 'తప్పు' అని అరవడు. తప్పిన చోట వేలుపెట్టి చూపిస్తాడు. సినిమా కూడా ఇలాగే వస్తుందని మా నమ్మకం. ఒక దర్శకుడో, ఎడిటరో, సౌండ్ తెలిసినవాడో నెలకు నాలుగైదు రోజులు మా ఊళ్ళో ఉండాలి. మేము తీసింది చూడాలి. 'ఈ షాట్ ఇంకా రెండు సెకన్లు ఆగి ఉంటే ఏమయ్యేది?' అని అడగాలి. మళ్ళీ వచ్చే నెల వచ్చి ఆ ప్రశ్నకు మేము ఏం చేశామో చూడాలి. మొదటి ఏడాది ఇరవై మందిని తీసుకోండి. అందులో సగం మంది ఆడపిల్లలుండాలి. గురువుల్లో ఆడవాళ్ళుండాలి. గిరిజన, సంచార జాతుల నుంచి వచ్చినవాళ్ళుండాలి. రాంచీ నుంచి, పస్తాపూర్ నుంచి పిలిపించండి, వస్తారు. ఆదోని 1953 దాకా బళ్ళారి జిల్లాలో ఉండిన ఊరు. మాలో సగం ఇళ్ళల్లో కన్నడం మాట్లాడతారు. కాబట్టి బెంగుళూరు వాళ్ళు నేర్పినా మాకు ఇబ్బంది లేదు.

శబ్దం గురించి ప్రత్యేకంగా చెప్పాలి. మా సినిమాలన్నీ అక్కడే దెబ్బ తింటున్నాయి. గాలి, ట్రాక్టరు, పక్కింటి టీవీ. డబ్బింగ్ చెప్పడానికి మాకు గది లేదు. మాలో ఒకరి అవ్వ ఇంట్లో నాలుగు బొంతలు తాళ్ళకు వేలాడగట్టి, మధ్యలో నిలబడి, ఫ్యాన్ ఆపేసి, ఒళ్ళంతా చెమటలు కారుతుంటే ఫోన్‌లో చెబుతాం. బొంతల పుణ్యమా అని గొంతు కాస్త బాగానే వస్తుంది. కానీ అవ్వ పగలంతా బయట వేపచెట్టు కింద కూర్చోవాలి. 'ఏమప్పా, ఈ బొమ్మలు తీస్తే సంగటి వస్తాదా?' అని రోజూ అడుగుతుంది. అడుగుతూనే మాకు బొంతలు కట్టడంలో సాయం పడుతుంది.

ఆమె ప్రశ్నకు జవాబుగా రెండో కోరిక. శిక్షణ ఏటా ఉగాది తర్వాత మొదలుపెట్టి దసరా లోపు ముగించాలి. నవంబర్‌లో పెడితే వచ్చేది పట్నంలో ఉన్నవాళ్ళే, మేము మిరపచేలో ఉంటాం. నేర్చుకునే రోజులకు మిరపకోతల కూలికి తగ్గకుండా భృతి ఇవ్వాలి. భృతి లేకపోతే ఇంటి దగ్గర 'పనికి రా' అన్న మాట నెగ్గుతుంది. ఆడపిల్లల విషయంలో అయితే వెంటనే నెగ్గుతుంది. అలాగే సుగ్గికి పోయినవాళ్ళ వెంట కెమెరా కూడా పోయే ఏర్పాటుండాలి. ఒక బృందానికి రెండు కెమెరాలిచ్చి, ఆ సుగ్గి నెలలన్నీ గుంటూరు మిరపచేలల్లో తీసుకోనివ్వండి. వలస మీద వార్తలు చాలా వచ్చాయి. డేరాలో వంట ఎవరు చేస్తారు, పసిబిడ్డను ఎక్కడ పడుకోబెడతారు, చేతులకు మిరప మంట ఎక్కితే రాత్రి ఏం పూసుకుంటారు, ఇవన్నీ లోపలినుంచి తీసిన సినిమా మాత్రం మేము చూడలేదు.

మూడోది. ఆదోనిలో ఒకటి, ఎమ్మిగనూరులో ఒకటి చిన్న కేంద్రం. కొత్త భవనం అడగడం లేదు. ఖాళీగా ఉన్న ఏదైనా ప్రభుత్వ భవనంలో రెండు గదులు చాలు. ఒకటి ఎడిటింగ్‌కు, ఒకటి గొంతు రికార్డింగ్‌కు. నాలుగు కెమెరాలు, మంచి మైకులు, ట్రైపాడ్లు, రెండు కంప్యూటర్లు. పుస్తకాల లైబ్రరీలాగా సంతకం పెట్టి తీసుకుపోయి తిరిగి ఇచ్చే పద్ధతి. మేము తీసిందంతా దాచే సర్వర్ అందులోనే ఉండాలి. ఆ సర్వర్‌లో సగం మా కోసం, సగం ఊళ్ళ కోసం. పాటలు, కథలు, సోది, తంబూర కథ, గొరవయ్యల పాటలు ఏవి తీసినా ఒక నకలు అక్కడ ఉండాలి. ఏ ఊరిదైతే ఆ ఊరికి అడగగానే ఇవ్వాలి.

నాలుగోది డబ్బు. కేరళ చలనచిత్ర అభివృద్ధి సంస్థ ఆడవాళ్ళకూ, ఎస్సీ ఎస్టీ దర్శకులకూ సినిమాకు కోటిన్నర రూపాయల దాకా ఇస్తోంది. ఆ పథకంలోంచే శ్రుతి శరణ్యం గారి 'బి 32 ముతల్ 44 వరె' వంటి సినిమాలు వచ్చాయి. 2025లో అక్కడే పెద్ద చర్చ కూడా జరిగింది. ఆ మొత్తం తగ్గించి ముందు శిక్షణ ఇవ్వాలని ఒక పేరున్న దర్శకుడు అంటే చాలామంది బాధపడ్డారు. మా అభిప్రాయం సూటిగా చెబుతాం. శిక్షణను, డబ్బును ఒకదానికొకటి పోటీ పెట్టకండి. నేర్పకుండా డబ్బిస్తే ఆ డబ్బు పట్నంలో తెలిసినవాళ్ళ చేతుల్లోకి పోతుంది. నేర్పి డబ్బివ్వకపోతే నేర్చుకున్నవాడు మళ్ళీ పెళ్ళి వీడియోలకు పోతాడు. మొదటి రెండేళ్ళు కోటిన్నరలు అక్కర్లేదు. పదిహేను నిమిషాల సినిమాలకు చిన్న చిన్న మొత్తాలు చాలు. తర్వాత ముగ్గురో నలుగురో పెద్ద సినిమాకు సిద్ధమైతే అప్పుడు కేరళ పద్ధతి అమలు చేయండి. ఈ నిధి కోసం 2013 నాటి ఎస్సీ, ఎస్టీ ఉపప్రణాళిక చట్టం ఉంది. మీ సంస్థ బడ్జెట్‌లోనూ ఆ వాటా లెక్క తేలాలి.

ఇక్కడ ఒక చిక్కుంది, దాన్ని జాగ్రత్తగా చూడమని వేడుకుంటున్నాం. అర్హత కోసం కులం సర్టిఫికెట్ ఒక్కటే చూడకండి. కర్ణాటక సరిహద్దుకు అవతల సిరుగుప్పలో, రాయచూరులో నాయకులు, వాల్మీకులు ఎస్టీలు. ఇవతల కౌతాళంలో వాళ్ళ మేనమామ బిడ్డలు బోయలు, బీసీలు. మన శాసనసభ బోయ, వాల్మీకులను ఎస్టీ జాబితాలో చేర్చమని 2017లోనూ, 2023లోనూ తీర్మానాలు చేసింది. అది ఢిల్లీ తేల్చాల్సిన సంగతి, ఈ వినతిపత్రం దాని గురించి కాదు. కానీ ఒకే అవ్వకు మనుమలైన ఇద్దరు పిల్లల్లో ఒకరికి కెమెరా దొరికి ఇంకొకరికి దొరక్కపోవడం న్యాయం కాదు. నిధుల్లో ఎస్టీల వాటా ఎస్టీలకే ఉండనివ్వండి, దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు. దానికి పైన బీసీ సంక్షేమ శాఖ నుంచి మరో వాటా కలిపి బోయ, కురువ పిల్లలనూ, సర్టిఫికెట్ల కోసం ఇంకా తిరుగుతున్న సంచార జాతుల పిల్లలనూ తీసుకోండి.

భాష. సుగాలీల గోర్‌బోలి, ఎరుకల కుర్రు, మా కన్నడం కలిసిన తెలుగు, ఏ మాటలో తీసినా తీసినట్టే ఒప్పుకోవాలి. మాలో ఒక అబ్బాయి ఒక నగరంలోని సినిమా కోర్సులో చేరి మూడు నెలలకు తిరిగి వచ్చాడు. 'ముందు నీ యాస సరిచేసుకో' అన్నారట. పేరు చెప్పడం మా ఉద్దేశం కాదు. ఆ మాట మీ ఏ కేంద్రంలోనూ ఎవరూ అనకూడదని నియమం పెట్టమని అడుగుతున్నాం. తెలుగు సబ్‌టైటిళ్ళ ఖర్చు మీరు భరించాలి.

కాగితాల పని మమ్మల్ని ఎక్కువ భయపెడుతోంది. కురువ పిల్లవాడు సినిమా తీస్తే గొర్రెలు లేకుండా ఎలా తీస్తాడు? ఎరుకల ఇంట్లో పందులు, రైతు ఇంట్లో ఎద్దులు, ప్రతి గుడిసె ముందూ కోళ్ళు. జంతువులను సినిమాలో వాడాలంటే జంతు సంక్షేమ బోర్డు అనుమతి ఉండాలి, ఆ బోర్డు ఆఫీసు హర్యానాలో ఉంది. జంతువులను హింసించకూడదన్న నియమం మంచిదే, మేము దానికి కట్టుబడతాం. కానీ మందలో పుట్టి మందతోనే పెరిగిన పిల్లవాడు తన గొర్రెలను తీసుకోవడానికి హర్యానాకు ఇంగ్లీషులో దరఖాస్తు ఎలా పెడతాడు? సెన్సార్ కోసం హైదరాబాద్ ఎన్నిసార్లు తిరుగుతాడు? షూటింగ్ అనుమతులకు మీ సంస్థలో ఒకే కిటికీ పద్ధతి ఉంది. ఆ కిటికీలో ఒకటి ఆదోని రెవెన్యూ డివిజన్ ఆఫీసులో తెరిచి, ఈ దరఖాస్తులన్నీ నింపిపెట్టే ఒక ఉద్యోగిని కూర్చోబెట్టండి. ఫీజులు సంస్థే కట్టాలి.

హక్కుల మాట. కొన్నేళ్ళ కిందట ఒక బృందం వచ్చి ఒక గొరవయ్యను రెండు రోజులు తీసుకుంది. టీ తాగించారు, శాలువా కప్పారు, సినిమా పంపిస్తామన్నారు. పంపలేదు. తర్వాత ఆయన పాట యూట్యూబ్‌లో ఎవరిదో పేరు మీద కనిపించింది. అదే పాటను ఆయన మనుమడు తాత దగ్గర రికార్డు చేసి పెడితే, కాపీరైట్ ఉల్లంఘన అని నోటీసు వచ్చి వీడియో పోయింది. తాత పాడిన పాటకు మనుమడు దొంగ అయ్యాడు. మీ సంస్థ అనుమతి తీసుకుని మా ప్రాంతంలో షూటింగ్ చేసే ప్రతి బృందమూ తాము తీసే మనుషుల నుంచి రాతపూర్వక అంగీకారం తీసుకోవాలి, అది వాళ్ళకు అర్థమయ్యే భాషలో చదివి వినిపించాలి, సినిమా పూర్తయ్యాక ఊళ్ళో ఒకసారి చూపించాలి, ఒక నకలు మేము అడిగిన కేంద్రంలో ఉంచాలి. పాటగాళ్ళకు పేరు, పైకం రెండూ దక్కాలి. మేము తీసే సినిమాలకూ ఇదే నియమం పెట్టండి. మా వాళ్ళనైనా అడగకుండా తీయం.

ప్రదర్శన గురించి ఎక్కువ చెప్పం. ఎమ్మిగనూరు జాతరలో, శ్రావణంలో ఉరుకుంద ఈరన్న స్వామి దగ్గర, తండాల్లో తెర కట్టి చూపించడానికి ఒక ప్రొజెక్టర్, ఒక జీపు ఇవ్వండి. ఏటా ఒక సినిమా ఎంచి గోవాలో జరిగే ఉత్సవానికీ, ఫిల్మ్ బజార్‌కూ దాన్ని తీసినవాళ్ళను పంపండి. అధికారులను కాదు, తీసినవాళ్ళను.

ఆడపిల్లల కోసం ఆదోని కేంద్రంలో రాత్రి ఉండే గది, వార్డెన్, చివరి బస్సు దాటిపోతే ఇంటికి చేర్చే వాహనం ఉండాలి. ఇవి లేకుండా 'సగం మంది ఆడపిల్లలు' అన్న మాట కాగితం మీదే ఉండిపోతుంది.

ఈ వినతిపత్రం అందిన రెండు నెలల్లోగా, దసరాకు ముందే, మీరు ఆదోని వచ్చి మాతో ఒక పూట కూర్చోవాలని కోరుతున్నాం. విజయవాడకు మమ్మల్ని పిలిస్తే అయిదుగురమే రాగలం. మీరొస్తే అందరమూ ఉంటాం, మా అమ్మానాన్నలు కూడా ఉంటారు. మీ మాట మీరు వాళ్ళకే నేరుగా చెప్పవచ్చు. ఆ రోజు మా సినిమాల్లో ఆరు చూపిస్తాం. నాయనమ్మ పాడిన ఢావ్‌లో, మిగిలిన మూడు నిమిషాలు, అదీ చూపిస్తాం.

ఇట్లు,
భవదీయులు,
ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంత యువ దర్శకులు
(సంతకాలు, వేలిముద్రలు జతపరిచాం)